సీమలో మందుగుండు – 6: గండికోటలో పగిలిన ఫిరంగి

పోయిన భాగాన్ని తళ్ళికోట యుద్ధంతో ఆపాం. 1565 జనవరిలో అహ్మద్‌నగర్ ఫిరంగులకు పెద్ద అయిన చలబీ రూమీ ఖాన్, గుండ్లకు బదులు రాగినాణేల సంచులు దట్టించి, మీదికొస్తున్న విజయనగర సేన మీద దగ్గరినుంచి పేల్పించిన కథ అది. అంతకు 45 ఏళ్ళ ముందు రాయచూరు దగ్గర కృష్ణదేవరాయలు ఆదిల్‌షా ఫిరంగులను వందల లెక్కన పట్టుకున్న సంగతి కూడా చూశాం. ఓడినవాడి ఫిరంగిని ఇంటికి తెచ్చుకోవడం తేలికే. దాన్ని పోతపోసే పనివాడు, గురిచూసి కాల్చే గోలందాజు, వాళ్ళకు నెల తప్పకుండా జీతమిచ్చే ఖజానా లేకపోతే అది కోట వాకిట్లో దర్జాకు మిగిలిపోతుంది. తళ్ళికోట తర్వాత పెనుకొండకు, అక్కణ్ణుంచి చంద్రగిరికి, వేలూరుకు తరలిన రాయలవారి వారసులు ఆ ఖజానా నింపుకోలేకపోయారు.

ఇప్పుడు ఎనభై ఏళ్ళు దాటేసి కడప సీమకు వద్దాం. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు పోతే, పెన్న ఎర్రమల కొండలను నిలువునా కోసిన చోట గండికోట ఉంది. లోయ అంచున నిలబడి ఫొటోలు తీసుకునే మనలో చాలామందికి ఈ కోటలో ఒకప్పుడు ఫ్రెంచివాడొకడు ఫిరంగుల కార్ఖానా పెట్టిన సంగతి తెలియదు. ఆ కార్ఖానా కథే ఈ భాగం.

మొదట కోట గురించి. ఇది పెమ్మసాని నాయకులది. విజయనగరం కింద వాళ్ళు అమరనాయకులు. అంటే, రాజు ఇచ్చిన సీమను అనుభవిస్తూ, అందుకు బదులుగా ఇంత కాల్బలం, ఇన్ని గుర్రాలు, ఇన్ని ఏనుగులు తెచ్చి నిలబెట్టే బాధ్యత ఉన్నవాళ్ళు. ఆ ఏర్పాటు మంచి రౌతులను, బంట్లను తయారుచేసింది. కానీ నాయకుడి పేరు ప్రతిష్ఠలు, రాజు దగ్గర అతని మర్యాద అన్నీ మనుషుల, గుర్రాల లెక్క మీదే నడిచేవి. ఫిరంగి మీద పెట్టే ఖర్చుకు ఆ లెక్కలో పెద్ద చోటు లేదు. ఏళ్ళ తరబడి డబ్బు పోయాలి, పనికొస్తుందో లేదో ముందు తెలియదు, యుద్ధం రాకపోతే తుప్పు. పైగా గండికోట లాంటి కొండ ఉన్నవాడికి ఆ తాపత్రయం ఎందుకు? మూడు వైపులా లోయ, నాలుగో వైపు బందోబస్తు గోడలు. కొండమీదే వరి, చిరుధాన్యాలు పండే చదును నేల, దానికి చిన్నచిన్న ఊటలు. ధాన్యాగారం నిండుగా ఉంటే నెలలు గడిచిపోతాయి.

1652 సెప్టెంబరులో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు జాన్ బాప్తిస్త్ తావెర్నియే ఈ కోటను శ్రద్ధగా చూసి రాసుకున్నాడు. కర్ణాటక రాజ్యంలోకెల్లా (అంటే అప్పటికి మిగిలిన విజయనగరంలో) బలమైన పట్టణాల్లో ఇదొకటని మెచ్చుకున్నాడు. పైకి పోయే దారి కొండలో తొలిచింది, చాలాచోట్ల 20, 25 అడుగుల వెడల్పు, కొన్ని తావుల్లో ఏడెనిమిది అడుగులే. కోటవాళ్ళు కాపలా కాయాల్సింది మైదానం వైపు నాలుగైదు వందల అంగల మేర మాత్రమే. అంత కోటలో ఉన్న ఫిరంగులు ఎన్నని రాశాడో తెలుసా? రెండు. రెండూ ఇనుపవి. ఒకటి 12 పౌన్ల గుండు వేసేది, ద్వారం మీద. రెండోది ఏడెనిమిది పౌన్లది, బురుజు మీద. సీమలో ఇంత పేరున్న కోటకు రక్షణ అంతే! కొండ ఉంది కదా అనే ధీమా ఎంతదూరం పోయిందో ఈ రెండు గొట్టాలను చూస్తే తెలుస్తుంది.

కొండ కిందికి వచ్చినవాడు మాత్రం ధీమాతో బతికే రకం కాదు. పేరు మహమ్మద్ సయ్యద్, ఊరు పారశీక దేశంలోని అర్దిస్తాన్. తండ్రి నూనె వర్తకుడు. గుర్రాలు అమ్ముకునే ఒక వర్తకుడి వెంట గోల్కొండ చేరాడని చెబుతారు. వజ్రాల గనుల గుత్తలు తీసుకున్నాడు, ఓడలు కొన్నాడు, మచిలీపట్నం వర్తకంలో ఆరితేరాడు. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మెట్టుమెట్టు ఎక్కి 'మీర్ జుమ్లా' అనే మంత్రిపదవి అందుకున్నాడు, ఆ పేరుతోనే నిలిచిపోయాడు. 1640ల నుంచి ఉదయగిరి, నెల్లూరు వైపు మొదలుపెట్టి కర్ణాటకాన్ని ముక్కముక్కగా మింగుతూ వచ్చాడు. వేలూరులో ఉన్న మూడో శ్రీరంగరాయలు ఒకవైపు గోల్కొండతో, ఇంకోవైపు బీజాపూరుతో, మూడోవైపు మాట వినని తన నాయకులతోనే తలపడుతున్న రోజులవి. గండికోటకు సాయం పంపే స్థితి ఆయనకు లేదు.

మీర్ జుమ్లా యుద్ధానికి డబ్బు పెట్టిన తీరు ఆ కాలపు దక్కనులో కొత్త. గెలిచిన సీమ శిస్తు, వజ్రాల రాబడి, ఓడల లాభం మూడూ అతని సొంత చేతిలో తిరిగేవి. అతని దగ్గర ఇరవై మణుగుల వజ్రాలున్నాయని అప్పట్లో జనం చెప్పుకునేవారు. ఇరవై మణుగులు నిజమో కాదో గానీ, అలా నమ్మేంత సొమ్ము ఉన్న మాట నిజం. ఆ సొమ్ముతో సుల్తాను సైన్యానికి తోడుగా తన స్వంత ఆశ్వికదళాన్ని పోషించాడు. తీరంలోని డచ్చి, ఇంగ్లిషు కంపెనీల నుంచి జారిపోయిన ఐరోపా గోలందాజులను కొలువులో పెట్టుకున్నాడు. అప్పటి ఐరోపాలో ఫిరంగి పని ఇంటి పనిలా ఊరూరా తెలిసిపోయింది. ఓడల మీద జీతం చాలక, తిండి బాగోలేక పారిపోయివచ్చిన సిపాయికి మన రాజుల దగ్గర నాలుగింతలు మర్యాద. ఇది కొత్త విషయం కాదు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గోడలు పగలగొట్టిన పెద్ద ఫిరంగిని పోసిన హంగేరీ పనివాడు అర్బన్ మొదట తన పనితనాన్ని అమ్మజూపింది ఆ నగరపు చక్రవర్తికే. చక్రవర్తి దగ్గర డబ్బు లేదు. టర్కీ సుల్తాను దగ్గర ఉంది.

గండికోట ముట్టడి మూడు నెలలు సాగింది. మొదట్లో మీర్ జుమ్లాకు దెబ్బ మీద దెబ్బ. కోటలోవాళ్ళు మాటిమాటికీ తలుపులు తెరుచుకుని దూకడం, కిందివాళ్ళను నరికి పోవడం. లోపలి నాయకుడు ఆ ప్రాంతపు వీరుల్లో గొప్పవాళ్ళలో ఒకడని తావెర్నియే రాశాడు. మన కథల్లో అతని పేరు పెమ్మసాని చిన తిమ్మానాయుడు. కింద నుంచి ఎంత కాల్చినా గుండు ద్వారాన్ని అందుకోదు. ఫిరంగులు కొండమీదికి ఎక్కాలి. ఏడడుగుల దారిలో, ఎండకు పెనంలా కాలే రాతి మీద, టన్నుల బరువున్న గొట్టాలు ఎలా ఎక్కిస్తారు?

ఇక్కడ మీర్ జుమ్లా చేసిన పని మన ధారావాహికలో ఇంతవరకు ఎవరూ చేయనిది. ముట్టడి ఆలస్యమైందని సేనానులను తిట్టలేదు, జీతాలు కోయలేదు. సుల్తాను కొలువులో ఉన్న ఐరోపా గోలందాజులందరినీ పిలిపించాడు. ఫిరంగులను పైకి చేర్చే ఉపాయం కనిపెడితే ఒక్కొక్కరికి మామూలు జీతం కాక ఇంకో నాలుగు నెలల జీతం ఇస్తానన్నాడు. పని తేలితేనే డబ్బు. ఉపాయం ఎలాంటిదన్నది వాళ్ళ ఇష్టం.

నాలుగు ఫిరంగులు ఎక్కాయి. ఎలా ఎక్కాయో తావెర్నియే వివరంగా రాయలేదు. కానీ కొండదారిన బరువు లాగిన వాళ్ళెవరికైనా ఊహకందుతుంది: మోకులు, దుంగలు, ఎద్దులు, కేకలు, వెనక్కి జారకుండా చక్రాల కింద పెట్టే రాళ్ళు, వాటన్నిటికన్నా ఎక్కువగా కూలి మనుషుల భుజాలు. నాలుగు నెలల జీతం గోలందాజులకు వచ్చింది. మోకులు లాగిన చేతులకు ఏం వచ్చిందో ఏ పుస్తకంలోనూ లేదు.

పైకి చేరిన నాలుగూ కోట ద్వారాన్నే గురిచూసి కొట్టాయి. మొదట ద్వారం మీది 12 పౌన్ల ఫిరంగి నోరు మూతపడింది. తర్వాత ద్వారమే కూలింది. అప్పుడు లోపలివాళ్ళు మంచి షరతుల మీద కోట అప్పగించారని తావెర్నియే కథ. మన ప్రాంతంలో వినిపించే కథ వేరే. మంత్రి పొదిలి లింగన్న శత్రువుకు అమ్ముడుపోయి, నాయకుడికి విషం పెట్టించాడని పెద్దలు చెబుతారు. ఓడిన కోటలన్నిటికీ ఇలాంటి ఒక ద్రోహి కథ ఉంటుంది. ద్రోహం జరిగి ఉండొచ్చు. కానీ లింగన్నను ఎంత తిట్టుకున్నా, రెండు ఫిరంగులున్న కోట నాలుగు ఫిరంగుల ముందు ఎన్నాళ్ళు ఆగుతుందన్న లెక్క మారదు.

తావెర్నియే లెక్కలో, అతను వచ్చేసరికి కోట చేతులు మారి ఎనిమిది రోజులే. కొండ కింద నది ఒడ్డున సైన్యం విడిది చేసి ఉంది. అతను వచ్చిన పని వేరు. గోల్కొండ సుల్తానుకు ముత్యాలు, రత్నాలు అమ్మాలంటే ముందు మీర్ జుమ్లాకు చూపించాలి. అందుకోసం మద్రాసు నుంచి ఇంతదూరం వచ్చాడు. డేరాలో నవాబు మీర్ జుమ్లా పనిచేసే తీరు చూసి ముచ్చటపడి ఒక దృశ్యం రాసిపెట్టాడు. అది చదివితే ఈ మనిషి ఎందుకు గెలిచాడో సగం అర్థమవుతుంది. మీర్ జుమ్లా చెప్పుల్లేకుండా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాలి వేళ్ళ సందుల్లో బోలెడు కాగితాలు. ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఇంకొన్ని. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కో కాగితం లాగుతాడు. దానికి జవాబు చెబుతాడు. పక్కన ఇద్దరు రాయసగాళ్ళు రాసుకుంటారు, కొన్నిటికి తనే రాస్తాడు. రాసినవి చదివించుకుని విని, తన చేత్తో ముద్ర వేసి, కొన్ని కాలిబంట్లకు, కొన్ని రౌతులకు ఇచ్చి పంపేస్తాడు. ఏ కాగితం ఎక్కడ ఆగిందో తెలియని దఫ్తరం కాదది.

అలాంటివాడు కూడా ఒకచోట బోల్తాపడ్డాడు.

గండికోట ద్వారం కూల్చిన నాలుగు ఫిరంగులు చూశాక, ఇంకా పెద్దవి సొంతంగా పోయించుకోవాలనిపించింది. తీరం నుంచి కొనుక్కొస్తే కంపెనీల దయమీద బతకాలి. పైగా నెల్లూరు నుంచో మచిలీపట్నం నుంచో కొండలు దాటించి లాక్కురావాలి. అందుకని కార్ఖానా గండికోటలోనే. పని ఒప్పుకున్నవాడు క్లాద్ మాయే, ఫ్రాన్సులోని బూర్జ్ ఊరివాడు. ఒప్పందం ఇరవై ఫిరంగులకు. 48 పౌన్ల గుండు వేసేవి పది, 24 పౌన్లవి పది. 48 పౌన్ల గుండంటే ఇరవై కిలోలకు పైమాట. అలాంటి కంచు గొట్టం ఒక్కటి రెండు టన్నులకు పైనే తూగుతుంది. మొత్తం ఇరవైకీ ఎంత లోహం కావాలో లెక్కేసుకోండి.

ఎర్రమలల్లో అంత రాగి ఎక్కడిది? నలుమూలల నుంచీ తెప్పించారు. చాలలేదు. గుళ్ళలోని విగ్రహాలు పోగుచేయించారు. గండికోటలోనే దేశంలోని చక్కని గుళ్ళలో ఒకటనదగ్గ గుడి ఉందని తావెర్నియే రాశాడు. మాధవరాయస్వామిదో, రంగనాథస్వామిదో పేరు చెప్పలేదు. ఆ గుడిలో బంగారు, వెండి విగ్రహాలతోపాటు రాగివి ఆరు. మూడు కూర్చున్నవి, మూడు పదేసి అడుగుల ఎత్తువి.

మిగతా విగ్రహాలు కరిగాయి. ఈ ఆరూ కరగలేదు. మాయే ఎన్ని విధాల ప్రయత్నించినా, నవాబు ఎంత ఖర్చు పెట్టినా కొలిమిలో అలాగే ఉండిపోయాయి. నవాబుకు కోపం వచ్చి, మంత్రం వేసింది మీరేనని పూజారులను బెదిరించాడు. చివరికి మాయే ఇరవైలో ఒక్క ఫిరంగి మాత్రం పోశాడు. పరీక్షకు కాల్చి చూస్తే అదీ పగిలిపోయింది. పని అర్ధంతరంగా వదిలేసి, కొన్నాళ్ళకు కొలువే వదిలేసి వెళ్ళిపోయాడు.

దేవుడి మహిమ అని మన ఊళ్ళో ఎవరైనా అంటే నేను వాదించను. కానీ లోహానికీ ఒక న్యాయముంది. శుద్ధమైన రాగి కరగాలంటే సుమారు 1,085 డిగ్రీల వేడి కావాలి. తగరం కలిసిన కంచు అంతకన్నా తక్కువ వేడికే కరుగుతుంది. తగరం పాలు ఎక్కువైన కొద్దీ ఇంకా తొందరగా. ఆ ఆరు విగ్రహాలూ తావెర్నియే చెప్పినట్టు దాదాపు రాగివే అయి, మందపాటివైతే, కంచుకు సరిపోయే కొలిమి వాటికి చాలదు. తిత్తులు, బొగ్గు, గాలి, అన్నీ రెట్టింపు కావాలి. ఇక పగుళ్ళ సంగతి. ఒక విగ్రహంలో సీసం ఎక్కువ, ఇంకోదానిలో తుత్తునాగం, మరోదానిలో తగరం తక్కువ. అన్నీ ఒకే మూసలో పోస్తే కూడిక ఎలా వస్తుందో పోసినవాడికే తెలియదు. అచ్చులో తడి మిగిలినా, పోత మధ్యలో ఆగినా లోపల బుడగలు. కంచరి పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఈ మాట చెప్పేవారు. మన స్థపతులు తరతరాలుగా పంచలోహం పోసినవాళ్ళే. వాళ్ళనెవరైనా అడిగారా? తావెర్నియే పుస్తకంలో పూజారులను బెదిరించిన సంగతి ఉంది గానీ, కంచరులను పిలిచిన సంగతి లేదు.

ముట్టడిలో గెలిచిన మీర్ జుమ్లా, కార్ఖానాలో ఎందుకు ఓడాడన్నది నాకు అసలు ఆసక్తి. కొండమీదికి ఫిరంగి ఎక్కిందా లేదా అన్నది ఎవరికైనా కంటికి కనబడుతుంది. ఎక్కితే జీతం, లేకపోతే లేదు. కొలిమి దగ్గర అలా కాదు. లోహం ఇంకా కాగలేదంటే నిజమో సాకో చెప్పగలిగేవాడు నవాబు పక్కన లేడు. పనివాడి మాటే పద్దు. ఒక చిన్న ఫిరంగి పోయించి, కాల్చి చూసి, నిలిచాక పెద్దవాటికి డబ్బు విడుదల చేసి ఉంటే కథ వేరేగా ఉండేది. ఏకంగా ఇరవైకి ఒప్పుకున్నాడు. కాలి వేళ్ళ సందులో పెట్టుకున్న ఉత్తరాలన్నిటికీ జవాబు చెప్పగలిగిన మనిషికి, కొలిమిలోని రాగి మాత్రం ఏ జవాబూ ఇవ్వలేదు.

ఈ సీమలోనే ఇప్పుడు కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర రాళ్ళ నేలల్లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రం ఉంది. 2019 సెప్టెంబరులో సిపాయి భుజం మీద మోసుకుపోయే ట్యాంకు విధ్వంసక క్షిపణిని కర్నూలు క్షేత్రంలో పరీక్షించారు. 2025 ఏప్రిల్ 13న డ్రోన్లను కూల్చే లేజరు ఆయుధాన్ని ప్రయోగించి చూపించారు. చేసేచోటు వేరుగా, కాల్చి చూసేచోటు వేరుగా ఉండటం, నమూనా నిలిచాకే సైన్యానికి తయారుచేయడం ఇప్పుడు మామూలు పద్ధతి. 1652లో ఆ పద్ధతి లేకపోవడం వల్ల పోయింది గుళ్ళలోని కంచు.

కార్ఖానా కూలినా మీర్ జుమ్లా కూలలేదు. కొన్న ఫిరంగులు, జీతానికి పెట్టుకున్న గోలందాజులు చాలు అతనికి. కష్టం వచ్చింది సుల్తానుకు. కర్ణాటక దండయాత్ర పేరుకు గోల్కొండదే అయినా, జీతాలు మీర్ జుమ్లా చేతి మీదుగా అందేవి. సిపాయి ఎవరి చేతిలో అన్నం తింటే వాళ్ళ మనిషి. మంత్రి తనకన్నా పెద్దవాడైపోయాడని అబ్దుల్లా కుతుబ్‌షాకు ఆలస్యంగా తెలిసొచ్చింది. 1655 నవంబరులో మీర్ జుమ్లా కొడుకు మహమ్మద్ అమీన్ దర్బారులో చేసిన తలతిక్క పనిని కారణం చూపి అతన్ని ఖైదు చేశాడు. తండ్రి అప్పటికే మొగలులతో ఉత్తరాలు నడుపుతున్నాడు. దక్కనులో ఉన్న ఔరంగజేబుకు అదే అదను. ఆ కుర్రవాణ్ణి విడిపించే వంకతో 1656 మొదట్లో గోల్కొండ మీదికి వచ్చాడు.

అదే ఏడు మీర్ జుమ్లా షాజహాను కొలువులో వజీరయ్యాడు. అతనితోపాటే అతని ఫిరంగులు, గోలందాజులు మొగలుల పక్షానికి చేరాయి. మరుసటి ఏడు ఔరంగజేబు వెంట బీదరు ముట్టడిలో కనిపిస్తాడు. 1657 మార్చిలో అక్కడ బురుజులోని మందుగుండుకు నిప్పంటుకుని కోట చేజారింది. అబ్దుల్లా కుతుబ్‌షా పన్నెండు, పదమూడేళ్ళు కర్ణాటకంలో పెట్టిన పెట్టుబడి చివరికి అతని గుమ్మం ముందుకే శత్రువై వచ్చి నిలిచింది. ఇందులో ద్రోహం మీర్ జుమ్లాదేనని మన పుస్తకాలు అంటాయి. నాకు సుల్తాను అశ్రద్ధే ఎక్కువ కనిపిస్తుంది. ఖజానా, ఫిరంగి, గోలందాజు మూడూ ఒకే మనిషి చేతిలో పదేళ్ళు ఉండనిచ్చి, ఆ తర్వాత వాడు వెళ్ళిపోయాడని ఏడిస్తే ఏం లాభం?

అర్దిస్తాన్ నూనె వర్తకుడి కొడుకు అస్సాం దండయాత్ర తర్వాత 1663లో బెంగాల్‌లో చనిపోయాడు. గండికోట చేతులు మారుతూ పోయింది. అందులో జామా మసీదు లేచింది. పక్కన ధాన్యాగారం నేటికీ నిలిచి ఉంది. మాయే కొలిమి ఎక్కడ పెట్టాడో చెప్పే గుర్తు మాత్రం నాకు కనబడలేదు. మీరు వెళ్ళినప్పుడు మాధవరాయస్వామి గుడి దగ్గర కాసేపు ఆగి వెతకండి.

వచ్చే భాగంలో తుంగభద్ర ఒడ్డుకు పోదాం. అక్కడ కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కంపెనీవాళ్ళ కంట పడకుండా, కోట లోపల జనానా తోటల్లో ఫిరంగులు పోయించి దాచాడు. ఆ రహస్యం ఎలా బయటపడిందో, 1839 అక్టోబరు 18న జొహరాపురం దగ్గర జరిగిన పోరుతో కర్నూలు నవాబీ ఎలా ముగిసిందో వచ్చే భాగంలో చదవండి.